కుండీ పువ్వు ఎవరిది?

పూజకు పనికొచ్చే పూలకు పెద్దలు ఒక వరస పెట్టారు. సొంతంగా పెంచుకున్న చెట్టు పువ్వు ఉత్తమం, అడవిలో పూసింది మధ్యమం, డబ్బిచ్చి కొన్నది అధమం, ఇంకొకరి చెట్టుది అధమాధమం. రాజోలు దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనక దొడ్లో నందివర్ధనాలు కోస్తూ మా మామగారు ఈ శ్లోకం చదివేవారు. ఆయనకేం! నూతి పక్కన పారిజాతం, గట్టు పొడుగునా గన్నేర్లు, కొబ్బరిచెట్ల నడుమ సంపెంగ. ఉత్తమం ఆయనకు దొడ్డితోపాటే వారసత్వంగా వచ్చింది. నేనిప్పుడు అమలాపురంలో మేడమీద వాటాలో ఉంటున్నాను. నాదనుకోవడానికి జానెడు నేల లేదు. ఒక డాబా, పిట్టగోడ, కొన్ని కుండీలు. ఈ కుండీలో మందారం పూస్తే దాన్ని ఏ వరసలో వెయ్యాలి?

పనిలేని ప్రశ్న అని కొట్టిపారెయ్యకండి. ఆ మొక్కను మొగ్గతో సహా కడియపులంకలో కొన్నాను. రావులపాలెం దాటి, గౌతమి వంతెన మీదుగా జొన్నాడలో దిగి ఇంకాస్త ముందుకెళ్తే హైవేకి రెండు పక్కలా నర్సరీలే. మట్టి కూడా కొన్నదే, మెట్ట నుంచి వచ్చిన ఎర్రమట్టి. పశువుల ఎరువు బస్తా కొన్నదే. ఆఖరికి కొబ్బరి పొట్టు కూడా కొన్నాను. “కోనసీమలో కూర్చుని కొబ్బరి పొట్టు కొనుక్కున్న మహాతల్లివి నువ్వేనే” అని మా ఆయన ఇప్పటికీ అంటారు. నీళ్లు మోటారువి. ఆ పువ్వు రేకరేకకీ నా దగ్గర బిల్లుంది. మరి మామగారి పారిజాతానికి ఎవరు నీళ్లు పోశారు? గోదావరి తెచ్చి పరిచిన ఒండ్రు, పంటకాలవ చెమ్మ, ఆషాఢం వానలు. పెంచింది గోదావరి, కోసింది ఆయన, పుణ్యం మాత్రం ఆయన ఖాతాలో పడింది.

‘కొన్నది అధమం’ అన్న దగ్గరే నాకు అసలు పేచీ. ఆ మాట చెప్పినాయనకు పెద్ద దొడ్డి ఉండి ఉంటుంది. అద్దె గదిలో ఉంటూ, ఏడు శనివారాలు మొక్కుకుని వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్లే పిల్ల బస్సెక్కే ముందు మూర పూలు కొనుక్కోక ఏం చేస్తుంది? ఆ మూరలో చీకటితో లేచి కోసినవాళ్ల చెయ్యి ఉంది, నడుం పట్టేసేదాకా కూర్చుని దండ కట్టిన చెయ్యి ఉంది. ఇంకో సంగతి. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చేదాకా పువ్వుకు ఉన్నపాటి ప్రవేశం కూడా మన గుళ్లలో చాలామంది మనుషులకు లేదు. మొక్కకు నీళ్లు పోసిన చెయ్యి బయట ఉండిపోతే, ఆ చెట్టు పువ్వు లోపలికెళ్లి ఉత్తమం అనిపించుకుంది. ఈ లెక్క ఆ శ్లోకంలో లేదు.

అయినా ఆ వరసలో ఒక నిజం ఉంది, దాన్ని వదులుకోను. మనది కానిదాన్ని మనం ఇవ్వలేం. కానీ హోమంలో ఆహుతి వేసిన ప్రతిసారీ ‘ఇది నాది కాదు’ అని అనిపిస్తారు. నాదైతేనే ఇవ్వగలను, ఇచ్చేటప్పుడు నాది కాదనాలి. ఈ రెండూ ఎలా పొసుగుతాయో నాకు కుండీల దగ్గరే కాస్త అర్థమైంది. నేలలో పాతుకున్న చెట్టు మనల్ని లెక్కచెయ్యదు. కుండీ మొక్కకు మనం తప్ప దిక్కులేదు. వైశాఖంలో హైదరాబాదు వెళ్లి అమ్మాయి దగ్గర వారం ఉండొస్తే కనకాంబరాలు వాలిపోతాయి. అంతగా నామీద ఆధారపడ్డ మొక్క మీద కూడా నా మాట చెల్లదు. మల్లెకు చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఆ తర్వాత ఎరువేసి సాకుతాను. ఎండలు ముదిరేసరికి విరగబూస్తుంది. మోడు కొమ్మ కణుపులో మొగ్గ ఎలా తొడిగిందో, దాంట్లో నా ప్రమేయం ఏమీ లేదు. చాకిరీ నాది, పూత నాది కాదు. ఇవ్వడానికి ఆ చాకిరీ చాలు, నాది కాదనడానికి ఆ పూత చాలు.

డాబా చూడ్డానికొచ్చినవాళ్లు ఇవేవీ అడగరు. “ఇంత చోట్లో ఇంత అందంగా ఎలా అమర్చారండీ?” అంటారు. అదీ చెప్తాను. పడమటెండ పడే గోడ వెంట గన్నేరు, నందివర్ధనం లాంటి గట్టివి. వాటి ముందు పొట్టి కుండీల్లో బిళ్లగన్నేరు, చలికాలమైతే బంతి, చామంతి. వాటర్ ట్యాంకు నీడలో కనకాంబరం, మరువం. వంటింటి కిటికీ ఊచలకు శంఖుపుష్పం పాకించాను, పొద్దున్నే స్టవ్ ముందు నిలబడితే ఎదురుగా నీలం తెర వేసినట్టుంటుంది. అత్తగారి నాటి పగిలిన రోట్లో గడ్డి గులాబీ. పెద్ద కుండీల అడుగున మట్టికి ముందు కొబ్బరి డొక్కలు పరుస్తాను. తేమ నిలుస్తుంది, శ్లాబు మీద బరువు తగ్గుతుంది. రంగులన్నీ కలిపెయ్యను. ఒక మూల ఒకే రంగు గుత్తగా ఉంటేనే చూపు ఆగుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. అంతర్వేది వైపు ఉండే మా ఆడపడుచు మందారం ఆకుల అంచులు మాడిపోతున్నాయని ఫోన్ చేస్తే, “దాన్ని వాన నీళ్లకు వదిలెయ్ వదినా, నువ్వు గన్నేరు, దేవగన్నేరు పెట్టుకో” అన్నాను.

కింద వాటాలో ఉండే మాస్టారు ఒకరోజు, “ఇదంతా పూజకా, షోకుకా? ఏదో ఒకటి తేల్చుకోండమ్మా” అన్నారు. తేల్చుకోవాల్సిన అవసరం నాకు కనబడలేదు. విష్ణువు అలంకార ప్రియుడని చెప్పేదీ మనవాళ్లే కదా. తిరుమల కొండ మీద పూలన్నీ స్వామివేనని ఆడవాళ్లు తలలో పువ్వు పెట్టుకోరు. అదే స్వామి శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి కూతురు తాను ముడిచి చూసుకుని పంపిన మాలే కావాలన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ కథ మీదే. ఒకే సంప్రదాయంలో ఈ రెండూ ఉన్నప్పుడు నేను గోదాదేవి పక్షం. అద్దంలో తన అందం చూసుకున్న పిల్ల భక్తికి లోటేమీ రాలేదు. తెలంగాణ ఆడవాళ్లయితే ఇంకో అడుగు ముందుకేశారు. బతుకమ్మలో తంగేడూ గునుగూ దేవతకు పెట్టే పూలు కావు, పేర్చిన ఆ పూలే దేవత.

డాబా మీద అందరి కళ్లూ పడేది కాగితం పువ్వు మీద. పూజకు మాత్రం రాదు. వాసన లేని పువ్వు పనికిరాదంటారు. మరి మందారానికి ఏం వాసనుంది? అమ్మవారికి ఎర్ర మందారం లేనిదే గడవదు. కాగితం పువ్వును దగ్గరగా చూడండి. మనకు పువ్వులా కనబడే గులాబీ రంగు రేకులు నిజానికి ఆకులు. వాటి మధ్య సన్న గొట్టాల్లా మూడు ఉంటాయి, కొసన తెల్లటి చుక్కలతో, అవీ పూలు. మొక్క దక్షిణ అమెరికాది కాబట్టి దేవుడికి పరాయిది అంటే, దసరాకు గుమ్మాలన్నీ నింపే బంతి ఎక్కడిది? మెక్సికో వైపుది. దేవగన్నేరూ ఆ వైపుదే, పేరులోనే దేవుణ్ణి తగిలించుకుని గుళ్ల ఆవరణల్లో స్థిరపడిపోయింది. మన తీరంలోనే పుట్టిన మొగలిని మాత్రం అబద్ధపు సాక్ష్యం చెప్పిందన్న కథతో శివుడి దగ్గరికి రానివ్వరు. దేవుడి పూల జాబితా ఎప్పుడో మూసేసింది కాదని నా నమ్మకం. మా ఇంట్లో కాగితం పూల గుత్తి ఒకటి దేవుడి గూటి ముందు గ్లాసులో ఉంటుంది. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

పువ్వు కోయడమే పాపం అనేవాళ్లున్నారు. కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో విన్నవాళ్లకు కొన్నాళ్లు బుట్ట పట్టుకోబుద్ధి కాదు. నాకు అంత దిగులు లేదు. మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది, కోసినా కోయకపోయినా దాని ఆయుష్షు ఒక్క పూటే. నన్ను పట్టి పీడించేది పిండినల్లి. ఎనిమిది గుణాలనే పూలుగా చెప్పిన మాట ఒకటుంది, అందులో మొదటి పువ్వు అహింస. ఆ పువ్వు సమర్పించాలంటే మందారం కొమ్మ చివర తెల్లగా పట్టిన పురుగును వదిలెయ్యాలి. వదిలేస్తే మొగ్గలు విచ్చకుండానే రాలతాయి. తడిగుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లు కొట్టి, పక్షానికోసారి వేపనూనె చల్లుతాను. పచ్చిగా చెప్పాలంటే చంపుతాను. పండితులు దీనికి ఏదో మినహాయింపు చూపిస్తారు గానీ నేను అడగలేదు. కొన్ని పనులు దోషమని తెలిసి చెయ్యడమే నయం, శాస్త్రాన్ని అడ్డం పెట్టుకోవడం కన్నా.

ఇక నిర్మాల్యం. స్వామి మీద నుంచి తీసిన పూలు కాలికి తగలకూడదు, పారే నీళ్లలో కలపాలి అన్నారు. ఆ ప్రకారం ఊరంతా ప్లాస్టిక్ కవరుతో సహా కాలవలో వేస్తోంది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చూడండి, అడుగున ఆ కవర్లన్నీ మూటలు కట్టి ఉంటాయి. నేను పాత బకెట్టుకు బెజ్జాలు పెట్టి, ఎండాకులు ఒక వరస, పూలు ఒక వరస, పైన గుప్పెడు మట్టి వేస్తాను. దండల్లో జరీ, నైలాన్ దారం ముందే తీసేస్తాను, అవి ఎన్నాళ్లకీ చివకవు. మూడు నాలుగు నెలలకు నల్లటి ఎరువవుతుంది. దాన్ని మందారం కుండీలో వేస్తే తప్పా అని మా పంతులుగారిని అడిగాను.

“ఆయ్, తొక్కనంతవరకూ దోషం లేదండి” అన్నారు.

“మరి ఆ కుండీలో పూసిన పువ్వు ఎవరిదండీ? ఒకసారి ఆయనకు ఇచ్చేసిందే కదా మట్టిలోంచి మళ్లీ పైకి వచ్చింది. దాన్ని నేను పెంచుకున్నదని ఇవ్వొచ్చా, లేక ఆయన సొమ్ము ఆయనకే అంటగట్టినట్టా?”

ఆయన ఉత్తరీయం సర్దుకుని లేచారు. “అమ్మా, ఆ లెక్కన చూస్తే నాకిచ్చే దక్షిణ కూడా ఆయనదే. అంతదాకా వెళ్లకండి.”