ఎదుటి వకీలు వినేట్టుగా

పురానీ హవేలీ సివిల్ కోర్టుకు కొత్తగా వచ్చే జూనియర్ల కోసం ఒక నోట్‌బుక్ రాస్తున్నాను. లా కాలేజీలో చెప్పని సంగతులు అందులో ఉంటాయి. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టు. కాపీ తయారీకి పట్టిన రోజుల్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద అప్పీలు గడువులోంచి తీసేస్తారు గానీ, నువ్వు అర్జీ పెట్టకుండా కూర్చున్న రోజుల్ని తీసేయరు. అవతలివాళ్లు నీకు తెలియకుండా ఇంజంక్షన్ తెస్తారనిపిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఎ కింద కేవియట్ వెయ్యి. అది 90 రోజులే పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్లీ వేసుకోవాలి. ఆబ్జెక్షన్లతో తిరిగొచ్చిన కట్టను గుమాస్తాకు వదిలేయకు, ఒక్కొక్కటీ నువ్వే చదువు. పూర్తయ్యాక జిరాక్సు తీయించి అడిగినవాళ్లకల్లా ఇద్దామని ఉంది.

ఒక పేజీ దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వొద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 అంటుంది. ఆ మూడూ ముప్పై ఎలా అవుతాయో, సమన్లు అందకుండా ఏళ్లు ఎలా నెట్టుకురావచ్చో కోర్టు వరండాలో తెలియని సీనియర్లు లేరు. అదీ అనుభవమే, అదీ విద్యే. రాయాలా? విద్య దాచుకుంటే పాపమన్నవాళ్లే పాత్రత చూసి ఇవ్వమనీ అన్నారు. కానీ జిరాక్సు కాగితానికి పాత్రత ఎక్కడ తెలుస్తుంది?

ఈ మాట మా బార్‌లో ఒక సాబ్‌తో అంటే, ఆయన నన్ను ఇమామ్ అబూ హనీఫా మాట దగ్గరికి తీసుకెళ్లాడు. పాతబస్తీ ముస్లింలలో ఎక్కువమందిది ఆ ఇమామ్ సంప్రదాయమే. 1876లో మొదలైన జామియా నిజామియా ఫత్వాలు వెలువడేదీ ఆ దారిలోనే. 767లో చనిపోయిన ఆ ఇమామ్, పెద్దవాడైన మనిషి సొమ్ము దుబారా చేసినా సరే వాడి చేతులు కట్టేయొద్దన్నాడు. ముగ్గురిని మాత్రం అడ్డుకోమన్నాడు: వైద్యం రాని వైద్యుణ్ణి, బాడుగ తీసుకుని పశువుల్ని పంపలేని దివాలాకోరును, జనానికి ఎత్తులు నేర్పే ముఫ్తీని, అంటే ఫత్వా ఇచ్చే పండితుణ్ణి. తమాషా ఏమిటంటే, ఎత్తుల మీద పుస్తకాలు ఆ ఇమామ్ బాటలో నడిచే హనఫీలకూ ఉన్నాయి. 9వ శతాబ్దపు హనఫీ పండితుడు ఖస్సాఫ్ పేరు మీద ఒకటి ఇప్పటికీ ఉంది. హరాం నుంచి బయటపడే ఉపాయం మంచిదే, ఒకరి హక్కును మింగే ఉపాయం కూడదు అని 11వ శతాబ్దంలో సరఖ్సీ అనే మరో హనఫీ పండితుడు గీత గీశాడు.

గీత బాగానే ఉంది. కానీ హక్కు ఎవరిదో తేలేది కేసు చివర్లో కదా! ముఫ్తీ తన ముందుకొచ్చిన కాగితంలోని మాటలు నిజమనుకుని జవాబిస్తాడు. మేమూ అంతే, వినేది ఒక పక్షం గోడే. అద్దెకుండేవాడు వచ్చినప్పుడు అద్దెకుండేవాడిదే న్యాయమనిపిస్తుంది, మర్నాడు ఓనరు వస్తే ఓనరుదే అనిపిస్తుంది.

అందుకని నేను వేరే కొలత పెట్టుకున్నాను. నేను జూనియర్‌కు చెప్పేది ఎదుటి వకీలు పక్క కుర్చీలో కూర్చుని విన్నా నష్టం లేకపోతే అది సలహా. వినగానే దాని పని అయిపోతే అది ఎత్తు. 12వ సెక్షన్ సంగతి ఊరందరికీ తెలిసినా ఎవరికీ నష్టం లేదు. మన పార్టీ సమన్లు ఏ దారిన తప్పించుకుంటోందో ఎదుటి వకీలు వింటే ఆ దారి మూసుకుపోతుంది. పార్టీ నమ్మి చెప్పుకున్న రహస్యాలకు ఈ కొలత వర్తించదు. అవి నావి కావు, బయటపెట్టే హక్కు నాకు లేదు.

సాబ్ ఒప్పుకోలేదు. "భాయ్, ఎత్తులన్నీ పెద్దపెద్ద వకీళ్లకు ముందే తెలుసు. నువ్వు రాయకపోతే తెలియకుండా ఉండిపోయేది ఫీజు ఇచ్చుకోలేని మనిషి తరఫున నిలబడే కుర్రవాడికే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

చివరికి ఆ పేజీ రాశాను, కాకపోతే దెబ్బ తగిలేవాడి వైపు నుంచి. వాయిదా అడిగినప్పుడల్లా ఖర్చులు వేయమని అడుగు, ఎన్నో వాయిదానో డాకెట్‌లో నమోదయ్యేట్టు చూడు. మనిషి దొరక్కపోతే ఆర్డర్ 5 రూల్ 20 కింద సమన్లు ఇంటి తలుపుకు అంటించమనో పేపర్లో వేయించమనో అర్జీ పెట్టు. అర్జీ నమూనా ఒకటి పక్కన అతికించాను. పాతబస్తీలో ఇంటి నంబరు పాతదీ కొత్తదీ రెండూ రాయమని, దగ్గర్లో ఉన్న మసీదో గుడో పేరు కూడా వేయమని దాని కింద ఎర్ర ఇంకుతో రాశాను.