ఎవరి గంట ఎంత?

పొద్దున్నే పనికి బయలుదేరే మనిషి కారు తీస్తాడా, బస్సెక్కుతాడా, నడుస్తాడా అన్నది ముందే లెక్కగట్టవచ్చని చూపించిన ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో మొదలైన బార్ట్ రైలును ఎందరు ఎక్కుతారన్న విషయంలో అధికారుల అంచనా కంటే ఆయన లెక్కే నిజానికి దగ్గరగా వచ్చింది. ఇలాంటి ఎంపికల మీద చేసిన కృషికే 2000లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ లెక్క ప్రకారం మనిషి తన ముందున్న దారుల్లో ఖర్చునీ కాలాన్నీ బేరీజు వేసుకుని, తనకు మేలనిపించినదాన్ని పట్టుకుంటాడు.

ఆ లెక్కంటే నాకు గౌరవమే. కానీ ఆ దారులు అతని ముందు ఎవరు పెట్టారన్నది దానికి బయటే ఉండిపోతుంది.

హైదరాబాదులో మియాపూర్‌లో ఉండి రాయదుర్గంలో ఉద్యోగం చేసే ఇంజనీరునే తీసుకోండి. ఇంట్లో కారుంది, బండి ఉంది. మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో మారాలి. వాన పడితే ఒకటి, తీరిక ఉంటే ఇంకొకటి. అతను ఎంచుకుంటున్నాడనడం నిజమే. అదే రాయదుర్గం దగ్గర అపార్ట్‌మెంట్లలో వంటకు వెళ్లే మనిషి, నాలుగిళ్ల మధ్యా నడుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో, పనికి ఎలా వెళ్తున్నారని వ్యవసాయేతర కార్మికుల్ని అడిగారు. దేశం మొత్తం మీద బైకులూ కార్లూ వాడేవాళ్ల కంటే నడిచేవాళ్లూ సైకిలు తొక్కేవాళ్లూ కలిపి ఎక్కువమంది తేలారు. వాళ్లందరూ నడకను ఎంచుకున్నారని రాసుకుంటే నిజం చెప్పినట్టేనా?

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఈ ప్రశ్న నన్ను మరింత పట్టుకుంది. బస్సుల్లో ఆడవాళ్ల చేతికి ఛార్జీ లేని జీరో టికెట్ వచ్చింది. చూస్తుండగానే సిటీ ఆర్డినరీలూ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లూ, పల్లెవెలుగు బస్సులూ నిండిపోయాయి. ఈ మనుషులంతా అంతకు ముందు ఎక్కడున్నారు? వాళ్లకు ప్రయాణం మీద ఆసక్తి లేదని పాత లెక్క చెప్పి ఉండేది. ఆసక్తి ఉంది, చేతిలో ఛార్జీ లేదు. ఇంటి దగ్గర దొరికే తక్కువ కూలికే సర్దుకున్నవాళ్లున్నారు. అమ్మను చూడాలనిపించినా పండగదాకా ఆగినవాళ్లున్నారు. తీరకుండా పోయిన కోరిక ఏ సర్వేలో కనబడుతుంది?

పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారని కొందరు విసుక్కుంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. రాత్రి పదింటికి బండి తీసి టీ తాగడానికి వెళ్లే మగవాణ్ణి ఎవరూ కారణం అడగరు. కారణం చెప్పనక్కర్లేకుండా ఊరు దాటగలగడం కూడా స్వేచ్ఛలో భాగమే కదా? బస్సుల్లో ఊపిరాడని రద్దీ మాత్రం నిజమైన కష్టం. దానికి మందు మరిన్ని బస్సులు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే సంగతి ఇంకొకటుంది. రోడ్డు పనులకు లాభనష్టాలు చూసేటప్పుడు ఆదా అయ్యే సమయాన్ని రూపాయల్లోకి మారుస్తారు. ఆ విలువ చాలావరకు ప్రయాణికుడి సంపాదనను బట్టే కడతారు. ఒకే కూడలిలో ఆగిపోయిన ఇద్దరిలో, ఎక్కువ జీతగాడి గంట ఖరీదైనదవుతుంది. పన్నెండు గంటల డ్యూటీ దిగి ఇంటికి పోతున్న సెక్యూరిటీ గార్డు గంట చవకైపోతుంది. అతనికి ఆ రోజు మిగిలింది ఆ కాస్త సమయమే. పిల్లవాడు నిద్రపోకముందు ఇల్లు చేరితే నాలుగు మాటలు మాట్లాడతాడు, లేకపోతే లేదు. తక్కువగా మిగిలినదాని విలువ ఎక్కువన్నది ఆర్థికశాస్త్రమే చెప్పే మాట. అది అతని గంటకు ఎందుకు వర్తించదు?

అసలు ఒకరి ఎంపిక ఒకరితో ఆగదు. ఒక్కడి కోసం రోడ్డెక్కిన కారు, వెనక అరవైమందితో వస్తున్న బస్సును నిలబెడుతుంది. కదలాల్సింది మనుషులు గానీ వాహనాలు కావని 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలోనే రాసుకున్నాం. అయినా హైదరాబాదులో చాలా కూడళ్ల దగ్గర సిగ్నళ్లు తీసేసి యూటర్నులు పెట్టారు. బండ్లు ఆగకుండా సాగాలన్నది ఉద్దేశం. నడిచేవాడికి రోడ్డు దాటే వ్యవధి దొరికేది ఆ ఎర్రదీపం వెలిగినప్పుడే. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో వచ్చింది, అందంగా ఉంది. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు సైకిలు తొక్కే గల్లీలకు అలాంటి నీడ ఎప్పుడొస్తుంది?

అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. సంతోషమే. మరి రేపు ఇంకో ఫ్లైఓవర్‌కు ప్రతిపాదన రాసేటప్పుడు, పైన వెళ్లేవాళ్లకు మిగిలే నిమిషాలు ఎలాగూ లెక్కలోకి వస్తాయి. కింద మందుల షాపుకని అవతలి వైపుకు దాటడానికి ఒక ముసలావిడకు అదనంగా పట్టే నిమిషాల్ని అదే కాగితంలో ఎక్కడ వేస్తారు, వాటికి ఏ జీతం చొప్పున విలువ కడతారు?