కడపటి విస్తరి

సంఘములు వెలువరించు ఇట్టి సంచికలలో కవులను గూర్చియు, గాయకులను గూర్చియు, రాజులను గూర్చియు వ్యాసములుండుట పరిపాటి. పప్పును గూర్చి, చారును గూర్చి వ్రాయుట పెద్దల సభలో చిన్నమాటగా తోచవచ్చును. ఐనను ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా వసించుచున్న మనబోటివారి యిండ్లలో తెలుగు ఎక్కడ నిలిచియున్నదని విచారించినచో, గ్రంథములున్న అలమరలోకంటె వంటయింటనే యెక్కువగా నిలిచియున్నదని ఒప్పుకొనక తప్పదు. దక్షిణ తమిళనాట కోవిల్‌పట్టి, శ్రీవిల్లిపుత్తూరు ప్రాంతముల పల్లెలలో తెలుగు అక్షరము నెరుగని తెలుగు కుటుంబములు నేటికిని గలవు. అట్టి యిండ్ల పిల్లలు బడిలో తమిళము చదువుదురు. అంగడిలో తమిళము పలుకుదురు. పొయ్యి చెంతకు వచ్చినంతనే నీళ్లు, బియ్యము, చింతపండు అని తెలుగున అడుగుదురు.

కావున వంటయింటి సుఖమును గూర్చి యోచించుట మనకు తగని పని కాదు. ఆ సుఖము మంచిదేనా? మంచిదైనచో దాని మూల్యమును ఎవరు చెల్లించుచున్నారు? ఇదియే మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న.

రుచిని గూర్చి మాటాడుట జిహ్వచాపల్యమని కొందరు తలంతురు. వారు తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని ఒక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. భృగువు బ్రహ్మమును వెదకుచు మొట్టమొదట తెలిసికొన్నది అన్నమునే. అచ్చట నాగక ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి ఆనందము వరకు సాగెను. ఆనందమును తెలిసికొన్న పిమ్మట, అన్నమును నిందింపరాదను వ్రతము అందు చెప్పబడినది. పైమెట్టు నెక్కినవాడు క్రిందిమెట్టును తన్నివేయరాదని మేము దానినుండి గ్రహింతుము. ముసురు పట్టిన సాయంకాలమున చారు తాలింపులో ఆవాలు చిటపటలాడి, ఇంగువ వాసన వీధి గుమ్మము వరకు వచ్చినప్పుడు, పని నుండి అలసి వచ్చిన మనుష్యుని ముఖమున కలుగు వెలుగు అల్పమైనది కావచ్చును; హేయమైనది మాత్రము కాదు.

మరికొందరు దీనికి భిన్నముగా రుచిని ఒక బిరుదువలె ధరింతురు. మా కారము వంటి కారము లేదు, మా ఆవకాయ వంటి ఊరగాయ లేదు అని గర్వింతురు. ఈ గర్వమును కొంచెము చల్లార్చుట మంచిది. మిరపకాయ అమెరికా ఖండమునకు చెందినది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి నావలలో మన తీరమునకు వచ్చినది. అంతకుముందు మన పూర్వులు కారమునకై మిరియములను నమ్ముకొనిరి. గోంగూర తెలుగువాని సొత్తని మనమనుకొందుము. దానినే తమిళులు పుళిచ్చకీరై యనియు, కన్నడిగులు పుండి యనియు, మహారాష్ట్రులు అంబాడి యనియు పిలిచి ప్రీతితో తినుచున్నారు. మన చారు కన్నడిగులకు సారు. కనుక ఇది మనదే యని చెప్పుటకు వస్తువులో ఆధారము తక్కువ. ఒక చేయి మరియొక చేతికి నేర్పిన కొలత, ఒక తల్లి తన కూతునకో కోడలికో చెప్పిన మెలకువ, ఇవి మాత్రము నిజముగా మనవి. వంట యనగానే ముందుగా తలచుకొనవలసినది ఆ చేతిని.

ఈ సందర్భమున మాకొక కావ్యము స్మరణకు వచ్చుచున్నది. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యదను రచించెను. దాని కథ జరిగినది తమిళనాటి శ్రీవిల్లిపుత్తూరున. తెలుగు వెలుపల నున్న తెలుగువారికి అంతకంటె దగ్గర చుట్టమైన కావ్యము వేరొకటి లేదు. అందు విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి పెట్టు భోజనమును కవి వర్ణించెను. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, చెఱకురసము, నీరుమజ్జిగ. వానకాలమున వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, పుష్కలముగా నేయి. ఇంతవరకు భోజనప్రియుడైన ఏ కవియైనను వ్రాయగలడు. ఐతే ఆ వానకాలపు పద్యమున పదార్థముల పట్టికకంటె ముందుగానే మరియొక మాట యున్నది. జడివానలో కట్టెలు తడియును గదా! పొగ తన కన్నులలో సొరకుండుటకై ఆ యింటి యిల్లాలు కొబ్బరి పొరకలను పొయ్యిలో పెట్టి వండినదట.

రాజ్యమేలినవాడు, దండయాత్రలు నడిపినవాడు, పప్పునకంటె ముందు వండునామె కన్నులను చూచెను. ఈ యొక్క మాట చాలును, రుచిని గూర్చిన ధర్మమంతయు అందు ఇమిడియున్నది. ఇతరుల భోజనమును మెచ్చుకొనుట సులభము. ఆ భోజనము వెనుకనున్న పొగను తలచుట కష్టము.

మేము దీనిని చదివి తెలిసికొన్నవారము కాము. ఆలస్యముగా, సిగ్గుతో తెలిసికొన్నవారము. మా యింట మేమైదుగురము తోబుట్టువులము. నాయనగారు, నాయనమ్మ, వచ్చిపోవు చుట్టములు వేరు. మా అమ్మ అందరికిని వడ్డించి, అందరి కంచములును ఎత్తి, పగలు రెండు గంటలకు గాని కూర్చుండెడిది కాదు. ఏటేటా ఆవకాయ కలిపిన నాడు, జాడీలకు ఎత్తగా మిగిలిన పిండి అంటుకొన్న పళ్లెములో వేడియన్నము కలిపి, మా చేతులలో తలకొక ముద్ద పెట్టెడిది. ఆ ముద్దకై మేము తగవులాడెడివారము. అందరికిని పెట్టుసరికి పళ్లెము శుభ్రమయ్యెడిది. ఆమెకు ముద్ద మిగిలినదా యని మాలో నొక్కరును చూచినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఆమె పోయిన మరుసటి యేడు సంవత్సరీకమునకు మేమందరము కూడితిమి. పోయినవారికి ఇష్టమైనవి వండి ఆకున పెట్టుట ఆచారము గదా. ఏమి వండవలెనని అడుగగా, పెద్దన్న పులిహోర అనెను. అక్క వంకాయకూర అనెను. మేము ముద్దపప్పు అంటిమి. కొంతసేపటికి మాకే తెలిసినది. మేము చెప్పినవన్నియు మాకు ఇష్టమైనవి. ఆమె మాకై వండినవి. ఆమెకు ఇష్టమైనది ఏదో మాలో నెవ్వరికిని తెలియదు. మూలకు కూర్చున్న పిన్ని అప్పుడు మెల్లగా ఇట్లనెను: “అక్కకు వేడి అన్నమంటే ప్రాణం. చిన్నప్పుడు కుండ దించీ దించగానే కంచం పట్టుకొని మా అమ్మ పక్కన కూర్చునేది. ఈ యింటికి వచ్చిన తరువాత అది వేడి అన్నం తినగా నేనెన్నడూ చూడలేదు.”

ఆమె కోరిక పంచభక్ష్యములు కావు. దినమునకు రెండుసార్లు తన చేతితోనే వార్చిన వేడియన్నము. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. అమ్మ తిన్నదా యని అడుగుమని చెప్పు సామెత మాకు వినరాలేదు.

ఇచ్చట ఒక యాక్షేపము రావచ్చును. పెట్టుటలో ఆమెకు ఆనందము లేదా? అది త్యాగము కాదా? దానిని అన్యాయమనుట ఆమె ప్రేమను అవమానించుట కాదా? ఈ యాక్షేపమును మేము తేలికగా త్రోసివేయము. పెట్టుటలో ఆనందము కలదు. మా అమ్మ ముఖమున దానిని మేము చూచితిమి. ఐతే త్యాగమునకు రెండు కొనలుండును. ఇచ్చువారు తెలిసి ఇయ్యవలెను. పుచ్చుకొనువారు తెలిసి పుచ్చుకొనవలెను. రెండవ కొన తెగినచో ఇచ్చువారి యందు త్యాగము నిలిచియే యుండును గాని, పుచ్చుకొనువారి యందు అది వాడుక యగును; కాలము గడచిన కొలది హక్కుగా మారును. ఆమె ప్రేమలో లోపము లేదు. మా యెరుకలో లోపము. పిమ్మట పుట్టిన కోడండ్రును కూతుండ్రును ఆ కడపటి విస్తరినే తమ పాలిదిగా ఎంచి కూర్చుండుట ఆ లోపమునకు ఫలితము.

వంట స్త్రీ ధర్మమే యనువారికి మన భాషయే సమాధానము చెప్పుచున్నది. మిక్కిలి రుచియైన వంటను మనము నలభీమపాకమందుము. నలుడు రాజు, భీముడు మహాబలుడు. పొగడ్తకు పురుషుల పేర్లు, పొగకు స్త్రీల కన్నులు అను ఈ పంపకమును ఏ శాస్త్రము చేసెనో విచారింపవలసియున్నది.

నేడు పట్టణములలోను, పెక్కు పల్లెలలోను వాయువు పొయ్యిలు వచ్చినవి. రాయలు చూచిన పొగ చాలవరకు తగ్గినది. కడపటి విస్తరి మాత్రము ఇంకను తొలగలేదు. దానిని తొలగించుటకు యంత్రమక్కర లేదు. వడ్డనను ఒకరు గాక ఇంటివారందరు వంతులవారీగా చేసినను, అన్నీ నడుమ పెట్టుకొని అందరు ఒక్క పంక్తిని కూర్చున్నను చాలును.

బళ్లారిలో, బరంపురములో, షోలాపురములో, యానాములో, మధురలో నున్న మన తెలుగు కుటుంబములు పూర్వుల వంటలను వ్రాసియుంచవలెనని తలపెట్టుట ఎంతయు మెచ్చదగినది. కొలతలు వ్రాయుడు, పాళ్లు వ్రాయుడు. ప్రక్కనే మరియొకటి కూడ వ్రాసికొనుడు: ఆ వంట చేసినవారికి ఏది ఇష్టమో. తెలియనిచో వారుండగనే అడుగుడు. మన యిండ్లలో ఎన్ని మాటలు మాసిపోయినను మాయక నిలిచిన తెలుగు మాట యొకటి కలదు. గుమ్మము దాటి లోనికి వచ్చిన వారినెల్ల మనము దానితోనే పలుకరింతుము. దానిని పొయ్యి వైపు తిరిగి ఒక్కసారి యనుడు: “అమ్మా, అన్నం తిన్నావా?”