దాదా షికంజా

మా ఇంట్లో పెద్దలు పోయాక పంచుకోవడానికి పొలాల్లేవు. దేవిడీల్లేవు. సాయిబులంటే నవాబుల వారసులనుకునేవాళ్లకు నిరాశే గానీ, మాకు మిగిలింది ఒక బెంచి వైస్.

దాదాజాన్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. రిటైరయ్యాక జుమేరాత్ బజార్‌లో పాత ఇనుము కుప్పలోంచి దాన్ని ఏరుకొచ్చి, ఇంటి ముందరి రేకుల షెడ్డులో బల్లకు బిగించారు. ఫజర్ నమాజు కాగానే దాని ముందు నిలబడేవారు. తాళంచెవులు, స్టవ్వు బర్నర్లు, సైకిలు ఇరుసులు, రిక్షా చెయిన్లు. బస్తీలో ఎవరింట్లో ఏం విరిగినా ఆ దవడల మధ్యకే వచ్చేది. విరిగిన వస్తువుకు మతం ఉండదు కదా. వర్క్‌షాపులో అందరూ వైస్ అంటే ఆయన మాత్రం షికంజా అనేవారు.

ఆ మాట తర్వాత ఉర్దూ పత్రికలో పనిచేసేటప్పుడు మాకు రోజూ ఎదురైంది. ఫలానా మొహల్లా మీద పోలీసుల షికంజా బిగిసిందని శీర్షికలు పెట్టేవాళ్లం. ఒకటే మాట. ఒకచోట నలిపి చంపేది. ఇంకోచోట పని పూర్తయ్యేదాకా జారిపోకుండా పట్టుకునేది. పెద్దలిచ్చిపోయిన పేరు, భాష, దీన్, ఆచారం మమ్మల్ని పట్టుకుని ఉన్నది ఈ రెంటిలో ఏ తీరుగా? వైస్‌ను బాగుచెయ్యడానికి కూర్చున్నప్పుడు మేం తప్పించుకోలేకపోయిన ప్రశ్న ఇది.

దాదా పోయాక షెడ్డు కారింది. పాతికేళ్లకు పైగా అది వానకు తడిసి, ఎండకు ఎండి, తుప్పు ముద్దయింది. పిడి తిరగదు. దవడలు మూసుకుని కరుచుకుపోయాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు మాలో మాకే నాలుగు మాటలొచ్చాయి. ఒక తమ్ముడు కబాడీకి తూకానికి వేద్దామన్నాడు. పెద్దన్న గ్రైండరుతో తళతళలాడేలా అరగదీయించి, ఆకుపచ్చ రంగేసి, హాల్లో అద్దాల బీరువాలో పెడదామన్నారు. మేం చదువుకున్నవాళ్లం కదా, ముట్టుకోవద్దు, తుప్పు కూడా జ్ఞాపకమే అన్నాం. ఐటీఐలో ఫిట్టర్ చదివిన మేనల్లుడు మాత్రం, "మామూ, తుప్పు దాదాది కాదు. దాదా పోయినంక వచ్చింది. ఆయనున్నప్పుడు ఇది తిరిగేది" అన్నాడు.

మా నోటికి జవాబు రాలేదు. జ్ఞాపకం అనుకుని మేం కాపాడబోయింది మా నిర్లక్ష్యాన్ని.

వాడే పనికి దిగాడు. మేం పక్కన కూర్చున్నాం. స్క్రూకి రోజులపాటు డీజిలు పట్టించాడు. సుత్తితో గట్టిగా కొట్టబోతే ఆపాడు. పోత ఇనుము బరువును ఓర్చుకుంటుంది గానీ దెబ్బకు పగులుతుందట. భాగాలు విడిపోయాక, యాసిడ్‌లో వేస్తే తొందరగా అయిపోతుంది కదా అన్నాం. యాసిడ్ తుప్పును తిన్నాక మంచి ఇనుమును కూడా తింటుంది అన్నాడు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లుపోసి బట్టలుతికే సోడా కలిపాడు. బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగ వైస్ ముక్కకు, పాజిటివ్ తీగ ఒక పనికిరాని ఇనుప రేకుకు తగిలించాడు. రాత్రంతా బుడగలు వచ్చాయి. పొద్దున బ్రష్షుతో తోమితే తుప్పు నల్లటి బురదై ఊడింది. కింద ఇనుము ఎంత మిగిలి ఉందో అంతా అలాగే ఉంది. ఆరబెట్టిన వెంటనే నూనె రాయకపోతే గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుందట. శుభ్రం చెయ్యడం ఒకసారి జరిగేది కాదన్నమాట.

దవడలకున్న ఉక్కు పలకల పళ్లు అరిగి నున్నబడ్డాయి. అవి స్క్రూలతో బిగించేవే. అరిగితే మార్చుకొమ్మని చేసినవాడే వీలు పెట్టాడు. రాణిగంజ్‌లో కొత్తవి దొరికాయి. మరి ఇప్పుడిది దాదా షికంజాయేనా? పలకలు కొత్తవి, బోల్టులు కొత్తవి. అయితే వెనక దాగలిలా ఉన్న చదునైన చోట వందల సుత్తి దెబ్బల గుంటలున్నాయి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. అది చూసి ఫుప్పూ, "అబ్బాకి కుడి భుజం నొప్పుండేది, ఒక వాటంగానే కొట్టేటోరు" అంది. చిన్నప్పుడు ఆమె లాంతరు పట్టుకుని పక్కన నిలబడేదట. పని మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ గుంటలను మేనల్లుడు ముట్టుకోలేదు. వాటివల్ల పనికి అడ్డం లేదన్నాడు.

తుప్పు వేరు. ముద్ర వేరు. రెండూ కాలంతోనే వచ్చాయి. ఒకటి చెయ్యి పడక వచ్చింది. ఒకటి చెయ్యి పడి వచ్చింది.

ఈ తేడా తెలియని బాగుచేతగాళ్లు మా చరిత్రలో చాలామంది వచ్చారు. 1920లలో ఉత్తరాదిన ఒకవైపు ఆర్యసమాజం శుద్ధి ఉద్యమం ఊపందుకుంది, ఇంకోవైపు మేవాత్‌లో తబ్లీగ్ మొదలైంది. రెంటి దారులు వేరు. ఒకటి మా ఇస్లాం పై రంగనీ, గీకితే కింద హిందువు బయటపడతాడనీ నమ్మింది. ఇంకొకటి మా మీద పేరుకున్న స్థానికాచారాన్ని గీకేస్తే అసలు ముసల్మాను బయటపడతాడని నమ్మింది. ఆ గీకుడు తెలుగు పల్లెలకూ వచ్చింది. పీరీల ముందు గుండం తొక్కే ఊళ్లూ, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లూ ఇద్దరి కళ్లకూ తుప్పులాగే కనపడ్డారు. కానీ అవి తరాల సుత్తి దెబ్బలు. ఈ మట్టిలో పనిచేసుకుని బతికినవాళ్ల చేతి వాటం. అరగదీస్తే కింద అసలు మనిషి దొరకడు. మనిషి పలచబడతాడు, అంతే.

అట్లని మాలో తుప్పు లేదని కాదు. మెహర్ ఇవ్వాల్సిన చోట జోడేకీ రఖమ్ అడుగుతాం. అది తుప్పు. ఇస్లాంలో కులం లేదని వేదికల మీద చెప్పి, దూదేకులింటికి పిల్లనివ్వం. అది తుప్పు. అరబ్బు నుంచి వచ్చామని, ఇరాన్ నుంచి వచ్చామని వంశాలు చెప్పుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో 14 ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన జాబితా చూడండి. రాళ్లు కొట్టే తురక కాశలు, క్షవరం చేసే హజామ్‌లు, బట్టలుతికే ముస్లింలు అందులో ఉన్నారు. అవి పనుల పేర్లు. చేతుల పేర్లు. మాలో చాలామందిమి అక్కడినుంచి వచ్చినవాళ్లమే. కాలేజీ దరఖాస్తులో మేం దాదా వృత్తి దగ్గర ఫిట్టర్ అని రాయలేదు. రైల్వే ఉద్యోగి అని రాశాం. అస్తిత్వం గురించి ఇన్ని వ్యాసాలు రాసిన చేతులే ఆ ఒక్క మాట రాయడానికి సిగ్గుపడ్డాయి. ఆ తుప్పు మరెవరో తెచ్చి మాకు పూసింది కాదు.

మరి ఏది తుప్పు, ఏది ముద్ర అని తేల్చేదెవరు? పనికొస్తే ఉంచుతాం, లేకుంటే లేదని బయటివాళ్లు చెప్తే మేం ఒప్పుకోం. మనుషులు ఎవరికో పనికొచ్చి బతికే హక్కు సంపాదించుకోరు. అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసేవాళ్లూ తేల్చలేరు. పిడి తిప్పేవాళ్లు తేల్చాలి. ఇన్నాళ్లూ పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డవాళ్లు కూడా తేల్చాలి. జోడేకీ రఖమ్ తుప్పో కాదో ఫుప్పూకి తెలిసినంత మాకు తెలుసా?

పరీక్ష ఒకటుంది, అది మేనల్లుడి దగ్గర నేర్చుకున్నాం. మంచి వైస్ గట్టిగా పట్టుకోవాలి. అవసరమైతే విప్పుకోవాలి కూడా. బిగియడమే తప్ప విప్పుకోవడం రాని వారసత్వం పోలీసు వార్తల్లో రాసే షికంజాయే. విప్పుకోవడం తెలిసింది మాత్రమే దాదా షికంజా.

పంపకం దగ్గర ఫుప్పూని అడిగాం. షరియత్ ప్రకారం ఆమెకూ వాటా ఉంది. అంతకు ముందు ఎవరం అడగలేదు. "ఇనుమును ముక్కలు చేస్తరా ఏంది? పనిచేసేటోని దగ్గర పెట్టుండ్రి. నా వాటాకి నన్నొకసారి తిప్పనియ్యుండ్రి" అంది.

ఇప్పుడది మేనల్లుడి షాపులో బల్లకు బిగించి ఉంది. మొదటిరోజు ఫుప్పూ బిస్మిల్లా అని పిడి పట్టుకుంది. డెబ్బై దాటిన చెయ్యి. దవడలు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.