ఒకే పిలుపు, ఇద్దరు అతిథులు

కర్నూలు, కడప నల్లరేగళ్లలో పండే జొన్న, నేలలో భాస్వరం చాలనప్పుడు, స్ట్రైగోలాక్టోన్లనే అణువులను వేళ్ల నుంచి మన్నులోకి ఎక్కువగా వదులుతుంది. ఆ కబురు అందుకున్న మైకోరైజా, అంటే వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం, పాయలు పాయలుగా చీలుతూ వచ్చి, వేరుకణం గోడ దాటి లోపల చిన్న చెట్టులా విచ్చుకుని, భాస్వరం ఇచ్చి చక్కెరలూ కొవ్వులూ పుచ్చుకుంటుంది. శిలీంధ్రం స్పందించేది ఈ అణువులకేనని 2005లో తేలింది. అయితే 1966లో పత్తివేళ్ల స్రావంలో ఈ కోవ అణువు తొలిసారి దొరికినప్పుడు దానికి పేరు పెట్టింది స్ట్రైగా అనే పరాన్నజీవి మొక్కను బట్టి. ధూళిరేణువులంత గింజలుగా ఏళ్ల తరబడి నేలలో నిద్రించే ఆ మొక్క, అదే పిలుపుకు మొలకెత్తి, జొన్నవేరును పట్టుకుని పైరు సారాన్ని పీల్చేస్తుంది.

మరి ఆ పిలుపు మేలుదా, కీడుదా? 1671లో ఇదే కర్నూలు సీమలోని మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి వారి ద్వైత సంప్రదాయం జీవులు స్వభావంలోనే పరస్పరం భిన్నమంటుంది గనుక, ఆ దృష్టిలో గుణదోషాలు పిలుపులో కాక విన్నవారి స్వభావంలోనే ఉంటాయి. ఇది లోతైన సమాధానమే గానీ, స్ట్రైగాకు ద్వేషం లేదు, శిలీంధ్రానికి దయ లేదు, ఇద్దరిదీ ఆకలే అన్న సంగతి అందులో ఇమడదు. తన భాస్వరపు ఆకలిని దాచుకుంటే జొన్నకు మిత్రుడూ రాడు. ఎల్‌జీఎస్‌1 అనే జన్యువు లోపించిన కొన్ని జొన్నలు మాత్రం పిలుపు మానకుండానే అణువు ఆకృతిని మార్చుకుంటాయి. ఆ మారిన కబురుకు స్ట్రైగా గింజలు చాలావరకు మేల్కోవు.