బ్రేకు ఎవరి చేతిలో ఉండాలి?

సైకిలుకు బ్రేకు ఎందుకు అని అడిగితే, ఆపడానికి అని ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. కానీ ఒకే సైకిలు మీద ఇద్దరు కూర్చుని తొక్కేటప్పుడు ఆ బ్రేకు ఎవరి చేతిలో ఉండాలి అంటే జవాబు అంత సులభం కాదు. ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది. తలా ఒక మాట అన్నారు. నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సైకిలు సంగతి. దాన్ని టాండెం అంటారు. పొడవాటి ఫ్రేము, రెండు సీట్లు, రెండు జతల పెడల్లు ఉంటాయి. చక్రాలు మాత్రం రెండే. కొడైకెనాల్ పోయినవాళ్ళు చెరువు దగ్గర అద్దెకిచ్చే ఇలాంటి సైకిళ్ళను చూసే ఉంటారు. హోసూరులో మా మామకు సైకిలు షాపు ఉంది. బెంగళూరు గుజిరీలో పాత టాండెం ఒకటి కనబడితే తూకానికి కొనుక్కొచ్చినాడు. చెయిన్లు, టైర్లు, తీగలు అన్నీ పాడైపోయినా ఫ్రేము గట్టిగా ఉంది. మా అక్క కోసం దాన్ని బాగు చేద్దామని ఇద్దరం పూనుకున్నాము.

మా అక్కకు చిన్నప్పుడే చూపు పోయింది. సైకిలు తొక్కాలని ఆమెకు ఎన్నేళ్ళుగానో కోరిక. టాండెంలో ముందు కూర్చున్నవాళ్ళు దారి చూసి నడుపుతారు, వెనుక కూర్చున్నవాళ్ళు కూడా తొక్కుతారు. పారాలింపిక్స్‌లో చూపు లేని క్రీడాకారులు పోటీ పడేది ఇలాంటి సైకిళ్ళ మీదే. ముందు సీటులో చూపున్న పైలట్ ఉంటాడు. గెలిస్తే పతకం ఇద్దరికీ ఇస్తారు.

మామూలు సైకిలుకు పనికొచ్చే బ్రేకు దీనికి చాలదా? పాఠంలో చదివిన గతిశక్తి సూత్రంతో లెక్క వేసి చూసినాను. నా బరువు 52 కిలోలు, మామూలు సైకిలు 18 కిలోలు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు, పోయేటప్పుడు నన్ను నిలపాలంటే బ్రేకు 3,500 జౌళ్ళ శక్తిని మింగాలి. అక్క 48 కిలోలు, టాండెం 25 కిలోలు కలిపితే 125 కిలోలు. అదే వేగానికి 6,250 జౌళ్ళు. ఇది సమతలం మీద మాట. ఘాటు రోడ్డులో 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 1,22,500 జౌళ్ళు. అంటే 36 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 20 సార్లు నిలిపినంత. అందులో గాలి కొంత తీసుకుంటుంది. మిగిలిందంతా బ్రేకులోనే వేడిగా మారుతుంది.

మా ముందు మూడు దారులు ఉండినాయి. మొదటిది, పాతకాలపు రాడ్ బ్రేకు. ఖర్చు తక్కువ, పాత సైకిలుకు అందంగా కూడా ఉంటుంది. కానీ ఇనుప రిమ్ము వానకు తడిస్తే రబ్బరు సరిగా పట్టదు. రెండోది, అల్యూమినియం రిమ్ములు వేసి వాటిని రెండు పక్కలా గట్టిగా పట్టే వి-బ్రేకు. తడిలో కూడా బాగా పట్టుతుంది. అయితే పొడవాటి దిగుడులో రిమ్ము వేడెక్కి, ఆ వేడికి టైరు పగిలే ప్రమాదం ఉంది. మూడోది, డిస్క్ బ్రేకు. అది బాగా పని చేస్తుంది గానీ దాని బలమంతా ఫోర్కులో ఒక కాలు మీదనే పడుతుంది. పాత ఫోర్కు అందుకోసం చేసింది కాదు, విరిగితే దిక్కులేదని మామ వద్దన్నాడు.

మామ మొదట, "ఊళ్ళో తిరగడానికి రాడ్ బ్రేకు చాల్లేరా" అన్నాడు. నేను ఒంటరిగా పోయేటట్లయితే చాలేదేమో. నా ధైర్యం నా సొమ్ము, దాన్ని నేను ఖర్చు పెట్టుకోవచ్చు. అక్క ప్రాణం నా సొమ్ము కాదు. నమ్మి వెనుక కూర్చున్నవాళ్ళను నట్టేట ముంచకూడదు. కాబట్టి రోజూ పోయే దారిని చూసి బ్రేకు ఎంచుకోవడం సరి కాదు. వాన పడే రోజును, కుక్క అడ్డం వచ్చే క్షణాన్ని, దిగుడును తలచుకుని ఎంచుకోవాలి. దీనికి మామ కూడా ఒప్పుకున్నాడు. రెండు చక్రాలకూ వి-బ్రేకులు వేసినాము. రెండూ ముందు హ్యాండిలు మీదనే, నా చేతికే.

అసలు తగాదా ఆ తరువాతనే మొదలయింది. ఆ సైకిలు వెనుక చక్రంలో ఒక పాత డ్రమ్ బ్రేకు కూడా ఉండింది, తుప్పు పట్టి. డ్రమ్ములో వేడి టైరుకు పోదు, హబ్బులోనే ఉంటుంది. గబుక్కున పట్టదు, మెల్లగా వేగం తగ్గిస్తుంది. మాది టీవీఎస్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మోపెడ్ బ్రేకు షూలకు లైనింగ్ వేసే మేస్త్రీలకు కొదవ లేదు. కాబట్టి బాగు చేయించడం కష్టం కాదు. మరి దాని లీవరు ఎక్కడ పెట్టాలి? అక్క, "నాకు పెట్టండి" అనింది.

నాయన ఒప్పుకోలేదు. "కండ్లు కనబడని బిడ్డకు బ్రేకెందుకు? ఎప్పుడు పట్టాలో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. మామ, "ఒక సైకిలుకు ఇద్దరు డ్రైవర్లు ఉండకూడదు" అన్నాడు. అవ్వ, "వాడు తమ్ముడే కదమ్మా, నీకు చెడుపు చేస్తాడా?" అనింది. అక్క ఒకటే మాట చెప్పింది: "నాకు దారి కనబడదు, సరే. వేగం తెలుస్తుంది కదా. గాలి చెవులకు కొడతా ఉంటే నాకు తెలీదా? భయమయ్యేది నాకు. అది వాడికి ఎట్లా కనబడుతుంది?"

ఈ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. బ్రేకు పట్టడానికి రెండు రకాల తెలివిడి కావాలి. ముందు ఏముందో తెలియాలి, అది నాకు తెలుస్తుంది. ఇక చాలు అని తెలియాలి, అది అక్కకే తెలుస్తుంది. నాకు కళ్ళున్నంత మాత్రాన రెండూ నాకే తెలుసు అనుకోవడం తప్పు.

అలాగైతే నోటితో చెప్తే చాలదా? నేను ఆపనా? ఆపుతాను. కానీ ఆపమని అడగడం వేరు, ఆపగలగడం వేరు. అడిగితే ఎదుటివాడు విని, ఒప్పుకుంటేనే ఆగుతుంది. ఎంత మంచివాడైనా ఒకసారి "ఇంకొంచెం దూరమే కదా" అనవచ్చు. ఇంగ్లీషులో టాండెం మీద ముందువాళ్ళను కెప్టెన్ అనీ, వెనుకవాళ్ళను స్టోకర్ అనీ అంటారు. స్టోకర్ అంటే ఓడ అడుగున బాయిలరులో బొగ్గు వేసే మనిషి. ఓడ ఎక్కడికి పోతుందో అతనికి కనబడదు. నడవడానికి బలం మాత్రం అతనే ఇస్తాడు. బలం ఇచ్చేవాళ్ళకు ఆపే హక్కు కొంచెం కూడా ఉండకూడదా?

దీనికి జవాబు మనం ఎక్కే రైలులోనే ఉంది. ప్రయాణికులకు పట్టాలు కనబడవు, సిగ్నల్ కనబడదు. అయినా రైల్వేవాళ్ళు పెట్టెలో గొలుసు పెట్టి, అవసరమైతే లాగమన్నారు. లాగితే బ్రేకు పైపులో గాలి ఒత్తిడి తగ్గుతుంది, డ్రైవరుకు తెలుస్తుంది, రైలు ఆగుతుంది. కారణం లేకుండా లాగితే 1,000 రూపాయల వరకు జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎవరైనా అనవసరంగా లాగుతారేమో అని గొలుసును తీసెయ్యలేదు. హక్కు ఇచ్చినారు, బాధ్యత కూడా పెట్టినారు.

మామ చెప్పిందాంట్లో కూడా న్యాయం ఉంది. మలుపులో నేను సైకిలు వంచినప్పుడు వెనుక నుంచి ఎవరైనా గట్టి బ్రేకు పట్టితే ఇద్దరమూ పడతాము. కాబట్టి వి-బ్రేకు లీవరు అక్కకు ఇవ్వలేము. అయితే డ్రమ్ బ్రేకు అలాంటిది కాదు, తొందరపడి పట్టినా వేగం మెల్లగానే తగ్గుతుంది. ఎవరికి ఏది తెలుసో దానికి తగిన బ్రేకు వాళ్ళ చేతిలో ఉంటే అది ఇద్దరు డ్రైవర్లు ఉండడం కాదు. ఈ మాటకు నాయన కూడా ఊఁ అన్నాడు. లీవరు వెనుక హ్యాండిలుకు బిగించినాము. నాకు కూడా ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. గుంత వస్తే "గుంత" అనాలి, మలుపు వస్తే "మలుపు" అనాలి, నేను బ్రేకు పట్టే ముందు చెప్పాలి. కనబడేవాడు కనబడనివాళ్ళకు చెప్పకుండా ఏదీ చేయకూడదు.

వారం రోజులుగా తొక్కుతున్నాము. అక్క ఆ బ్రేకు పట్టింది రెండుసార్లే. కానీ లీవరు బిగించక ముందు మైదానంలో భయంభయంగా కాళ్ళు ఆడించిన మనిషి, ఇప్పుడు నాకంటే గట్టిగా తొక్కుతోంది. చంద్రచూడేశ్వరుని కొండ మీద నుంచి దిగుదామని తనే అంటోంది. ఆపగలను అనే నమ్మకం ఉన్నవాళ్ళే ధైర్యంగా ముందుకు పోగలరని నాకు అర్థమయింది.

మిత్రులారా, పెద్దలారా, ఇది సైకిలు మాట మాత్రమే కాదు. పదో తరగతి తరువాత ఏ గ్రూపు చదవాలి, ఏ కాలేజీలో చేరాలి, ఆడపిల్లకు పెళ్ళి ఎప్పుడు చేయాలి అని ఇంట్లో హ్యాండిలు పట్టేది పెద్దలే. వాళ్ళకు మాకన్నా దూరం కనబడుతుంది, అది నిజం. మా మంచికే నడుపుతారు, అదీ నిజం. కానీ వెనుక కూర్చుని తొక్కేది మేము. హ్యాండిలు మీరే పట్టుకోండి. మెల్లగా పట్టే బ్రేకు ఒకటి మా చేతికి ఇవ్వండి. దాన్ని ఊరికే పట్టకుండా చూసుకునే బాధ్యత మాది.