మునిగే ఊళ్లో మిద్దె

కొండాపురం నుంచి పెన్న వైపు దిగితే నల్లరేగడి చేల నడుమ ఒక పల్లె ఉండేది. ఇప్పుడు అక్కడ నీళ్లున్నాయి. ఆ పల్లెలో ఒకే గోడను పంచుకున్న రెండు చవుడు మిద్దెలు ఉండేవి. ఒకదాంట్లో ఒక అవ్వ, పక్కదాంట్లో ఒక ఆసామి కుటుంబం కాపురముండేవాళ్లు. రెండిళ్లూ ఒకే ఏడాది, ఒకే బేల్దారి చేతిమీదుగా లేచినవి. రెండింటివీ నాపరాతి గోడలే, వేప దూలాలే. దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలు, బండల సందుల్లో సున్నం, ఆపైన జానెడు మందాన మట్టి. అన్నిటికన్నా పైన చవుడు.

చవుడంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. ఊరికి ఎగువన చవుటి నేల ఉండేది. అందులో జొన్న వేసినా రాదు, గడ్డి కూడా సరిగా మొలవదు. సేద్యానికి పనికిరాని ఆ మట్టే మిద్దెకు ప్రాణం. దాంట్లో ఉండే సోడా ఉప్పు గుణం వల్ల తడి తగలగానే మట్టి రేణువులు విడివడి, మెత్తగా సాగి, కింది సందులన్నీ పూడ్చేస్తాయి. మొదటి వాన తాగిన చవుడు రెండో వానను ఇంట్లోకి రానివ్వదు. మొక్క మొలవదు గనక వేళ్లు దిగి మిద్దెను చీల్చే భయమూ లేదు. అయితే ఏడాది తిరిగేసరికి గాలికి కొంత, వానకు కొంత కొట్టుకుపోతుంది. అందుకే మృగశిర కార్తె రాకముందే బండి కట్టుకుపోయి చవుడు తెచ్చి, గంపలతో పైకి మోసి, మిద్దె నిండా పరిచేవాళ్లు. అది డబ్బుతో అయ్యే పని కాదు, ఏటేటా ఓపిగ్గా చేసుకోవాల్సిన పని. రాయలసీమ మిద్దెలు తరాల తరబడి నిలబడ్డాయంటే ఆ గంపల వల్లే.

అట్లా ఉండగా గండికోట దగ్గర పెన్నకు అడ్డంగా ఆనకట్ట కట్టే పని మొదలైంది. గాలేరు-నగరి పథకం కింద కృష్ణమ్మ వరద నీళ్లను పోతిరెడ్డిపాడు నుంచి అవుకు మీదుగా తెచ్చి, ఇక్కడ 26.85 టీఎంసీలు నిలబెట్టాలన్నది లెక్క. పులివెందుల చీనీ తోటలకు కూడా ఇక్కడి నుంచే నీళ్లెక్కాలి. కరువు సీమకు అది ఎంత అవసరమో ఆ పల్లె వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండిన బావుల్లో పూడిక తీసి తీసి అలసిన చేతులే అవి. కాకపోతే నిలిచే నీళ్ల కింద వాళ్ల ఊరు ఉంది. అధికారులు వచ్చారు. టేపులు పెట్టి గోడలు కొలిచారు, వాకిళ్లు లెక్కబెట్టారు, తలుపుల పక్కన రంగుతో అంకెలు వేసి పోయారు.

ఆ అంకె పడిన రోజు నుంచి ఊరి చేతులు ఆగిపోయాయి. ఎట్లాగూ మునిగేదే కదా అనుకుని ఒకాయన కూలిన ప్రహరీని అట్లాగే వదిలేశాడు. ఇంకొకాయన వాకిలికి కొత్త బండలు తెప్పించి కూడా పరచలేదు. గుడి గోపురానికి సున్నం కొట్టడం మానేశారు. బడి గదిలో పైకప్పు పెచ్చులు ఊడి పడుతుంటే పిల్లల్ని చెట్టు కిందికి మార్చారే గానీ కప్పు బాగు చేయించలేదు. ఆ ఊరికి పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడారు. చవుడు తేవడానికి బండ్లు కట్టడమూ ఆగింది.

నీళ్లు మాత్రం రాలేదు. ఒక ఏడాది పోయింది, ఇంకొకటి పోయింది. కాలువ పనులు ఒకచోట, సొరంగం ఒకచోట, పరిహారం ఇంకొకచోట ఆగుతూ సాగుతూ వచ్చాయి. సాగునీటి ప్రాజెక్టుల జలయజ్ఞం రోజుల్లో పుట్టిన పిల్లలు హైస్కూలుకు వచ్చారు. ఊరు అటు మునగలేదు, ఇటు బతకలేదు. ముంపు పల్లెల కష్టాల్లో అందరూ చెప్పుకునేది చివరి రోజు గురించే. అంతకుముందు ఇట్లా ఎదురుచూపుల్లో కరిగిపోయే ఏళ్లు ఏ లెక్కలోకీ రావు. నా మట్టుకు నాకు అసలు నష్టం అక్కడే జరిగిందనిపిస్తుంది.

అవ్వ ఒక్కతే తన పని ఆపలేదు. మృగశిరకు ముందు ఒక బండిని బాడుగకు మాట్లాడుకుని చవుడు తెప్పించేది. ఇద్దరు కూలీలను పెట్టి పైకి మోయించేది. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనిచేసే కొడుకు వచ్చి, నీళ్ల పాలయ్యే ఇంటికి ఈ ఖర్చెందుకని కోప్పడ్డాడు. పక్కింటి ఆసామి జాలిపడ్డాడు. అవ్వ ఎవరితోనూ వాదించలేదు. ఆమె చూపు ఎప్పుడో వచ్చే నీళ్ల మీద కాక, ఏ రోజుకారోజు రాత్రి నిద్ర మీద ఉండేది.

ఒక ఏడు మొదటి వానకే రెండిళ్లూ ఉరిశాయి. ఉమ్మడి గోడకు రెండు పక్కలా చుక్కలు పడ్డాయి. బండల మీద పసుపుపచ్చ మరకలు విచ్చుకున్నాయి.

ఆసామి మరక ఉన్నచోట కింది నుంచి సున్నం పూయించాడు. తెల్లారేసరికి ఇల్లు కళకళలాడింది. మళ్లీ వాన పడగానే మరక మళ్లీ తేలింది. ఈసారి ఆయన దంతెలకు మేకులు కొట్టి, కింద నీలం పట్ట ఒకటి బిగించి కట్టాడు. చుక్క నేల మీద పడటం ఆగింది. పట్ట బరువుగా వేలాడినప్పుడు ఒక మూల వదులు చేసి బకెట్లోకి నీళ్లు వంచేవాళ్లు. నీళ్లతోపాటు కొంచెం మట్టీ దిగేది. కొన్నాళ్లకు ఇంటిల్లిపాదికీ అది అలవాటైపోయింది. పట్టకు పైన ఏం జరుగుతోందో చూసే అవకాశం ఎవరికీ లేకపోయింది.

అవ్వ ముసలి బేల్దారిని పిలిపించింది. ఆ రెండు మిద్దెలూ కట్టినాయనే. ఆయన కింద మరకను ఒకసారి చూసి, దాన్ని వదిలేసి పైకెక్కాడు. వాన లేని రోజు చూసుకుని, ఒక పిల్లవాణ్ని ఇంట్లో మరక కింద నిలబెట్టి, పైన బిందెతో ఒక్కోచోట నీళ్లు పోసుకుంటూ వచ్చాడు. ఒకచోట పోసి కాసేపు ఆగడం, చుక్క పడలేదని కింది నుంచి కేక వస్తే ఇంకో జాగాకు జరగడం. మరకకు సరిగ్గా పైన ఎంత పోసినా చుక్క రాలలేదు. మూడు బారల దూరంలో, పిట్టగోడ మొదట్లో, నీళ్లు బయటికి పోయే దోనె పక్కన పోసినప్పుడు పిల్లవాడు కేక వేశాడు. దోనె నోట్లో చెత్త అడ్డుపడి, నిలిచిన నీళ్లు గోడ మొదట్లో దారి చేసుకుని, దంతె వెంబడి పారి పారి, దాని వాలు ముగిసినచోట రాలుతున్నాయి. కప్పు ఉరిసే ఇంట్లో చుక్క పడేది ఒకచోట, చిల్లి ఉండేది ఇంకోచోట. చేయి తిరిగిన బేల్దార్లందరూ ముందు పైకెక్కేది అందుకే.

ఆయన దోనె చుట్టూ తడిసిన మట్టినంతా గడ్డపారతో తవ్వి తీశాడు. బండలు తేలేదాకా తవ్వి, రెండు రోజులు ఎండకు వదిలేశాడు. సందుల్లో పొడిబారిన పాత సున్నాన్ని గీకి, బెల్లం నీళ్లు కలిపిన కొత్త సున్నం కూరాడు. నానిపోయిన దంతె ఒకటి మార్చాడు. దూలం కొసలు గోడలోకి దిగినచోట వేలు పెట్టి, తడి ఉందేమో తడిమి చూశాడు. పొడి మట్టి వేసి దిమ్మిసతో మెత్తి, దోనె వైపు వాలు తీశాడు. ఆఖరున చవుడు పరిచాడు.

ఉమ్మడి గోడ మీద నిలబడినాయనకు పక్కింటి కప్పు కూడా కనబడింది. దిగివచ్చి ఆసామికి ఆ సంగతి చెప్పాడు. తాను వయసులో ఉన్నప్పుడు, 1981లో శ్రీశైలం ముంపు పల్లెలు ఖాళీ అవుతుంటే, కర్నూలు వైపు మిద్దెలు విప్పే కూలికి పోయినట్టు చెప్పాడు. ఆఖరి ఏడాది దాకా చవుడు వేసుకున్నవాళ్ల దూలాలు నిండుగా బయటికి వచ్చాయనీ, వదిలేసినవాళ్లవి చేతిలో పొడి అయ్యాయనీ వివరించాడు. ఆసామి మర్యాదగా విన్నాడు. వచ్చే ఏటికి ఊరే ఉండదు గదా అన్న లెక్కతో మిన్నకున్నాడు.

ఆ వచ్చే ఏడు కూడా ఊరు ఉంది. ఆ పైఏడూ ఉంది. ఆసామి మిద్దెలో తడి పైనుంచి దిగుతూ, పట్టకు అవతల నిలుస్తూ, దూలం కొసల్లోకి ఇంకింది. తడికి చెదలు తోడైంది. ఒక అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన ఆగకుండా కురిసింది. రెండో రాత్రి, దూలం గోడలోకి దిగినచోట మెత్తబడి జారింది. బండలు, మట్టి, పట్ట అన్నీ కలిసి నట్టింట్లో కూలాయి. వాకిటి వైపు గదిలో పడుకోబట్టి మనుషులు దక్కారు. శెనగ బస్తాలు, పెళ్లినాటి పెట్టె, పిల్లల పుస్తకాలు మట్టి కింద పోయాయి.

ఆ చీకట్లో ఆసామి, ఆయన భార్య, పిల్లలు అవ్వ ఇంట్లోకి వచ్చారు. ఆ వాన వెలిసేదాకా, ఆ తర్వాత ఊరు ఖాళీ అయ్యేదాకా, రెండు కుటుంబాలూ ఆ ఒక్క మిద్దె కిందే వండుకుని తిన్నాయి. పిల్లలు పడుకునేది సరిగ్గా ఆ పాత మరక కిందే. చుక్క పడలేదు.

చివరికి నీళ్లు వచ్చాయి. 2020లో గండికోట మట్టం పెంచేటప్పటికి తాళ్లప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊరే వీధుల్లోకి నీళ్లు వస్తుంటే సామాన్లు ట్రాక్టర్లకెత్తుకుని కదలాల్సి వచ్చింది. ఈ చిన్న పల్లె కూడా కదిలింది. అవ్వకు కట్టిన పరిహారం గోడల కొలతల ప్రకారమే ఉంది. ఏటా మోయించిన చవుడు గంపలకు ఏ కాగితంలోనూ గడి లేదు. ఆమె దాన్ని అడగనూ లేదు.

ముసలి బేల్దారి మనుమణ్ని తోడు తెచ్చుకుని అవ్వ మిద్దె విప్పాడు. చవుడు, మట్టి దించి, బండలు ఒక్కొక్కటే లేపి, దూలాలు తీయించాడు. గోడలో దాగిన కొసలు కూడా గట్టిగా, పొడిగా, గోటితో నొక్కినా దిగబడకుండా ఉన్నాయి. అవి ట్రాక్టరెక్కి పునరావాస కాలనీకి వచ్చాయి. కొత్త ఇంటి వసారాకు అవే దూలాలయ్యాయి. ఒకదాన్ని అవ్వ ఆసామి పసులకొట్టానికి ఇచ్చింది. ఆయన తన ఇంటి నుంచి తెచ్చుకోగలిగింది గుమ్మం, రెండు కిటికీలు మాత్రమే.

కాలనీలో అందరివీ స్లాబు ఇళ్లే. స్లాబుకు చవుడు అక్కర్లేదు గనక ఇక పైకెక్కే పనే లేదని చాలామంది నమ్మారు. ఆసామి నమ్మలేదు. రెండో ఏడు పిట్టగోడ పక్కన వెంట్రుకంత బీట కనబడగానే, ఇంట్లో ఇంకా చుక్క రాలకముందే, బేల్దారి మనుమణ్ని పిలిచాడు. కాంక్రీటులోకి నీళ్లు దిగితే చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు కోరుతుంది. ఆ ఒత్తిడికే స్లాబు కింది పెచ్చులు ఉబ్బి ఊడతాయి. కుర్రవాడు బీటను వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సిమెంటు కూరి, నీళ్లు నిలవకుండా వాలు సరిచేశాడు. అంతసేపూ ఆసామి పక్కనే నిలబడి, గొట్టం నోట్లో చెత్త చేత్తో తీశాడు.

ఆ మిద్దెలు ఎప్పటికైనా నీళ్ల పాలయ్యేవేనన్నది అబద్ధం కాదు. కానీ ఆ రెండిళ్లవాళ్లు వాటి కింద పడుకున్న రాత్రులన్నీ నీళ్లు రాకముందువే, ఆ రాత్రులకు కావలసిన కప్పును అవ్వ నిలబెట్టుకుంది, ఆసామి ముందే వదులుకున్నాడు. అద్దె ఇంట్లో ఉన్నా, రేపోమాపో అమ్మేద్దామనుకుంటున్న ఇంట్లో ఉన్నా, ఈ రాత్రికి మన పిల్లలు పడుకునేది ఆ కప్పు కిందే గనక, మరకకు సున్నం పూయించేముందు ఒకసారి మిద్దె పైకెక్కి చూడండి.